నయా ఖిలా గోల్ఫ్ మైదానం

నయా ఖిలా గోల్ఫ్ మైదానం తెలంగాణ రాష్ట్ర రాజధాని హైదరాబాదు నగరపు పశ్చిమ శివారున, గోల్కొండ కోటలో ఈశాన్య భాగమైన నయా ఖిలా ప్రాకారం లోపల నెలకొని ఉన్న 18 గుంతల గోల్ఫ్ మైదానం. 'నయా ఖిలా' అనగా కొత్త కోట. ఈ మైదానాన్ని హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ అను సంస్థ నిర్వహిస్తున్నది. ఆంగ్లేయుల దేశంలో నగర శివార్ల ఉద్యానవనాలలో రూపుదిద్దుకొన్న 'పార్క్‌లాండ్' తరహా మైదానానికి తెలుగునాట కానవచ్చే ఉదాహరణలలో ఇది ఒకటి. అయితే ఇంగ్లండులో ఆ ఉద్యానవనాలు ఒక ప్రభువు భవనం చుట్టూ ఉండగా, ఇక్కడ పచ్చిక చుట్టూ ఉన్నది 17వ శతాబ్దపు కోటగోడ. ఈ కారణం చేతనే ఈ మైదానం క్రీడారంగంలో కంటె చారిత్రక వారసత్వ చర్చలలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చినది.

పార్క్‌లాండ్ మైదానం అనగానేమి

గోల్ఫ్ ఆట పుట్టినిల్లు స్కాట్లండు. 1457లో అక్కడి రాజు రెండవ జేమ్స్, ప్రజలు విలువిద్య సాధన మాని ఈ ఆటలో కాలం గడుపుతున్నారని దీనిని నిషేధించినట్లు చరిత్రలో నమోదై ఉన్నది. తొలినాటి మైదానాలన్నీ సముద్రపుటొడ్డున ఇసుక తిన్నెల మీద, గాలికి ఎదురొడ్డి పెరిగే పొట్టి గడ్డి మధ్య ఉండేవి. వీటిని 'లింక్స్' అంటారు. ఇందులో మనుషులు చేసిన పని చాలా తక్కువ. గడ్డిని గొర్రెలు, కుందేళ్ళు మేసి పొట్టిగా ఉంచేవి. ఇసుక గుంటలను గాలి త్రవ్వేది. సెంట్ ఆండ్రూస్‌లోని పాత మైదానంలో 1764లో గుంతల సంఖ్యను 22 నుండి 18కి తగ్గించారు. ప్రపంచమంతటా నేడు 18 గుంతలు ఉండటానికి మూలం ఇదే.

సముద్రతీరానికి దూరంగా ఉన్న పట్టణాలలో ఆడవలెనంటే ముఖ్యమైన ఆటంకం గడ్డి. బరువైన బంకమట్టి నేలలో వానలకు గడ్డి ఏపుగా పెరిగి బంతి కనపడకుండా పోతుంది. 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ సమీపాన ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంజనీరు గడ్డి కోసే యంత్రాన్ని కనుగొన్నాడు. బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీది నూగును సమంగా కత్తిరించే యంత్రమే ఆయనకు ప్రేరణ. ఈ యంత్రం క్రమంగా మెరుగుపడిన తరువాతనే లోతట్టు ప్రాంతాలలో గోల్ఫ్ సాధ్యమైనది. పిమ్మట రైలుమార్గాల వలన లండన్ వంటి నగరాల చుట్టూ శివారు నివాసాలు వెలసినవి. పన్నుల భారం మోయలేక కొందరు భూస్వాములు తమ భవనాలను, వాటి చుట్టూ ఉన్న విశాలమైన ఉద్యానవనాలను అమ్మివేయగా, గోల్ఫ్ సంఘాలు వాటిని కొన్నవి.

ఆ ఉద్యానవనాలలో అనేకం 18వ శతాబ్దంలో 'కేపబిలిటీ' బ్రౌన్ (1716-1783), తరువాత హంఫ్రీ రెప్టన్ (1752-1818) వంటి తోటశిల్పులు తీర్చిదిద్దినవి. ఎత్తుపల్లాల పచ్చిక, అక్కడక్కడ ఒంటరిగానో గుంపులుగానో పెద్ద చెట్లు, వంపు తిరిగిన చెరువు, ఇవే వారి శైలి లక్షణాలు. ప్రకృతి సహజంగా కనిపించే ఈ దృశ్యం నిజానికి మట్టి త్రవ్వి, వాగులకు అడ్డుకట్ట వేసి, చెట్లు నాటి కృత్రిమంగా కల్పించినదే. హ్యారీ కోల్ట్ (1869-1951) అనే మైదాన శిల్పి ఈ భూములను గోల్ఫ్‌కు మలచడంలో సిద్ధహస్తుడు. బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టోక్ పోజెస్ వద్ద 1908లో వెలసిన స్టోక్ పార్క్ మైదానం ఆయన రూపకల్పనే. ఆంగ్ల సాహిత్యం చదివినవారికి స్టోక్ పోజెస్ పేరు కొత్త కాదు. థామస్ గ్రే కవి తన ప్రసిద్ధ స్మశాన కావ్యానికి నేపథ్యంగా గ్రహించినదని సంప్రదాయంగా చెప్పబడే చర్చి ప్రాంగణం ఇక్కడిదే, ఆయన సమాధియు ఇక్కడనే ఉన్నది. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్' చలనచిత్రంలోని గోల్ఫ్ ఆట సన్నివేశం ఈ మైదానంలోనే తీశారు. ఈ స్టోక్ పార్క్‌ను 2021లో భారతదేశపు రిలయన్స్ సంస్థ 5 కోట్ల 70 లక్షల పౌండ్లకు కొనుగోలు చేసినది.

కావున పార్క్‌లాండ్ మైదానమనగా లోతట్టు నేలపై, చెట్ల వరుసల మధ్య, మెత్తని పచ్చికతో, తరచు చెరువులతో కూడి, నగరానికి చేరువలో ఉండే మైదానం. లింక్స్ మైదానంలో ఆటగాని ప్రత్యర్థి గాలి. పార్క్‌లాండ్‌లో ప్రత్యర్థి చెట్టు. బంతిని ఎంత దూరం కొట్టినాడన్నది కాక, రెండు చెట్ల నడుమ ఎంత నిటారుగా పంపినాడన్నది ఇక్కడ పరీక్ష.

ఆట తీరు

ఆట నియమాలు తెలియని పాఠకుల కొరకు క్లుప్తంగా కొన్ని మాటలు. ప్రతి గుంతకు ఒక ఆరంభ స్థలం (టీ), కత్తిరించిన పచ్చిక బాట (ఫెయిర్‌వే), దానికి ఇరుప్రక్కల పెరగనిచ్చిన గడ్డి (రఫ్), ఇసుక గుంటలు (బంకర్లు), చివర తివాచీవలె నున్నగా ఉండే పచ్చిక (గ్రీన్) ఉంటాయి. గ్రీన్ మీద 108 మిల్లీమీటర్ల వ్యాసం గల గుంత, దానిలో జెండా కర్ర ఉంటాయి. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. ఆటగాడు తన వెంట 14 కర్రలకు మించి తీసుకొని పోరాదు. అతి తక్కువ దెబ్బలలో 18 గుంతలను పూర్తిచేసినవాడు విజేత. ఒక గుంతను నిపుణుడు పూర్తిచేయవలసిన దెబ్బల సంఖ్యను 'పార్' అంటారు. దానికంటె ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, ఒకటి ఎక్కువైతే బోగీ. 2019లో సవరించిన నియమాల ప్రకారం, పోయిన బంతిని వెదకుటకు ఇచ్చే గడువు 5 నిమిషాల నుండి 3 నిమిషాలకు తగ్గినది.

నయా ఖిలా పూర్వచరిత్ర

ఈ మైదానాన్ని అర్థం చేసుకొనుటకు ఆ నేల చరిత్ర తెలియవలెను. కాకతీయుల కాలంలో మట్టికోటగా ఉన్న గోల్కొండ, 14వ శతాబ్దంలో బహమనీల వశమై, అనంతరం కుతుబ్ షాహీల రాజధాని అయినది. కోట బయట ఈశాన్యంగా ఒక గుట్ట ఉండేది. 1656లో, అప్పటికి దక్కను సుబేదారుగా ఉన్న మొగలు రాజకుమారుడు ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినపుడు, ఆ గుట్ట శత్రు ఫిరంగులకు అనువైన స్థానమని కోటలోనివారికి తెలిసివచ్చినది. తండ్రి షాజహాను ఆజ్ఞతో ముట్టడి ఆగినది. అబ్దుల్లా కుతుబ్ షా (పాలన 1626-1672) తన కుమార్తెను ఔరంగజేబు కుమారుడైన మహమ్మద్ సుల్తానుకిచ్చి వివాహం చేసి, కప్పం చెల్లించి సంధి చేసుకొన్నాడు. ప్రమాదం తొలగిన వెంటనే ఆయన చేసిన పని ఆ గుట్టను, దాని చుట్టుప్రక్కల నేలను కలుపుకొని కొత్త గోడను కట్టించడం. అదియే నయా ఖిలా.

ఈ కొత్త గోడ రాజ్యాన్ని ఎంతోకాలం కాపాడలేకపోయినది. 1687లో ఔరంగజేబు ఈసారి చక్రవర్తిగా తిరిగి వచ్చి, ఎనిమిది నెలల ముట్టడి తరువాత కోటను పట్టుకొన్నాడు. అయితే గోడను బలంతో కూల్చి కాదు. లోపలివాడొకడు తలుపు తెరిచినందువలన. చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా బందీ అయినాడు.

గమనింపదగినది ఏమనగా, గోడ కట్టక మునుపే ఈ నేల ఖాళీగా లేదు. ముస్తఫా ఖాన్ మసీదు, ముల్లా ఖయాలీ మసీదు అను 16వ శతాబ్దపు కట్టడాలు ఇక్కడ కలవు. ముల్లా ఖయాలీ ఇబ్రహీం కుతుబ్ షా కాలపు కవి. 'మల్కిభరాము' అని తెలుగు కవులచే కీర్తింపబడిన ఇబ్రహీం కుతుబ్ షా ఈయనే. రాజకుటుంబీకులు, కొలువులోని పెద్దలు విహరించే తోటలు కూడా ఈ పరిసరాలలో ఉండేవి. తరువాతి శతాబ్దాలలో రాజధాని హైదరాబాదు నగరానికి పూర్తిగా తరలిపోవుటతో తోటలు మట్టిలో కలిసిపోయినవి.

మైదానం ఏర్పాటు

సికింద్రాబాదులో 1806లో బ్రిటిషు సైనిక స్థావరం ఏర్పడినది. గోల్ఫ్‌ను ఈ ప్రాంతానికి తెచ్చినవారు సైనికాధికారులే. నేటికీ బొల్లారంలో సైన్యపు ఆధ్వర్యంలో ఒక మైదానం ఉన్నది. కాని పౌరులకు, ముఖ్యంగా 1990ల తరువాత నగరంలో పెరిగిన వ్యాపార, వైద్య, సాంకేతిక వృత్తులవారికి వేరే మైదానం కావలసి వచ్చినది. 1990లలో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ నయా ఖిలా లోపలి నేలలో ఆటకు స్థలాన్ని సంపాదించినది. మైదానం దశలవారీగా 18 గుంతల స్థాయికి పెరిగినది. భారత వృత్తి గోల్ఫ్ సంఘం వారి 'గోల్కొండ మాస్టర్స్' పోటీలు ఇక్కడ జరిగినవి.

ఆటగానికి ఇక్కడ కనిపించే దృశ్యం అపురూపమైనది. దూరాన బాలాహిస్సారు శిఖరం, దగ్గరలో బురుజులు, పచ్చిక మధ్యన పొడుచుకొని వచ్చిన నల్ల గ్రానైటు బండలు, ఒకప్రక్క షా హాతిం చెరువు. ఇంగ్లండు మైదానంలో ఓక్, బీచ్ చెట్ల స్థానంలో ఇక్కడ దక్కను పీఠభూమి చెట్లు నిలిచినవి. బండలు మాత్రం ఇంగ్లండు శిల్పి ఎవ్వరును ఊహించని ఆటంకం: బంతి వాటికి తగిలి ఏ దిక్కునకు పోవునో చెప్పలేము.

గడ్డి, నీరు, నీడ

ఇంగ్లండు పార్క్‌లాండ్‌లో పచ్చిక సులభంగా పెరుగుటకు మూలకారణం అక్కడి శీతోష్ణస్థితి. ఫెస్క్యూ, బెంట్ జాతి గడ్డి 15 నుండి 24 డిగ్రీల సెంటీగ్రేడు వరకు బాగా పెరుగుతుంది. వాన సంవత్సరమంతా కొంచెం కొంచెంగా పడుతుంది. హైదరాబాదులో సంవత్సరానికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురిసినను, అందులో అధికభాగం జూన్ నుండి అక్టోబరు లోపుననే. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడి గడ్డిని ఇక్కడ నాటితే ఏప్రిల్ నెలకే మాడిపోతుంది.

అందువలన ఉష్ణదేశపు మైదానాలలో వాడునది 'బెర్ముడా' గడ్డి. పేరు విని ఇది విదేశీయమని భ్రమపడరాదు. శాస్త్రనామం సైనోడాన్ డాక్టిలాన్. అనగా మన గరిక. వినాయకుని పూజలో వాడు దూర్వారము ఇదే. పొలంగట్టున రైతు పీకి పారవేసే కలుపు, పూజకు పవిత్రం, గోల్ఫ్‌కు పెట్టుబడి! గరిక భూమిపైన తీగలతోను, భూమిలోపల దుంపవేళ్ళతోను పాకుతుంది కనుక, కర్ర దెబ్బకు ఊడిన చోటును తానే పూడ్చుకొంటుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ పరిశోధనా కేంద్రంలో గ్లెన్ బర్టన్ అను శాస్త్రవేత్త గరికను దాని ఆఫ్రికా జాతి బంధువుతో సంకరపరచి సన్నని ఆకు గల రకాలను రూపొందించాడు. 1960లో విడుదలైన టిఫ్‌వే, 1965లో విడుదలైన టిఫ్‌డ్వార్ఫ్ అటువంటివే. ఇవి గింజ కట్టవు. గడ్డి ముక్కలను నాటి పెంచవలసినదే.

గ్రీన్ అనే భాగం నిర్మాణం మరింత శ్రమతో కూడినది. అమెరికా గోల్ఫ్ సంఘం పద్ధతిలో అడుగున నీరు పోవు గొట్టాలు, వాటిపై సుమారు 10 సెంటీమీటర్ల గులకరాళ్ళు, ఆపైన సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం వేసి, దానిపై గడ్డి నాటుతారు. గడ్డిని దాదాపు ప్రతిరోజు 3 నుండి 4 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. అంత పొట్టి ఆకుతో మొక్క తన ఆహారం తాను చేసుకొనుట కష్టం కనుక, ఎరువు, నీరు, తెగుళ్ళ మందు క్రమం తప్పకుండా అందించవలసి ఉంటుంది.

ఇక నీటి లెక్క. ఎకరం నేలపై ఒక మిల్లీమీటరు నీరు నిలిపితే అది 4,047 లీటర్లు. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున 60 ఎకరాల పచ్చికకు పెట్టవలెనన్న సుమారు 12 లక్షల లీటర్లు కావలెను. మనిషికి రోజుకు 135 లీటర్లన్న నగర నీటి సరఫరా ప్రమాణం ప్రకారం అది సుమారు 9,000 మందికి సరిపడును. ఈ లెక్క పద్ధతి తెలుపుటకు ఉదాహరణగా ఇచ్చినదే కాని ఈ మైదానపు వాస్తవ వినియోగం కాదు. శుద్ధిచేసిన మురుగునీటిని వాడుట దీనికి తెలిసిన ఉత్తమ పరిష్కారం; అందులోని నత్రజని, భాస్వరం గడ్డికి ఎరువుగా కూడా ఉపకరిస్తాయి. అయితే ఉప్పు శాతం ఎక్కువైతే నేల గట్టిపడే ప్రమాదం కలదు.

పార్క్‌లాండ్ శైలికి, ఉష్ణదేశానికి మధ్య అసలు వైరుధ్యం నీడ విషయంలో ఉన్నది. చెట్టు లేనిదే పార్క్‌లాండ్ కాదు. నీడలో గరిక బ్రతకదు. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం ప్రాంతపు మామిడితోటలు చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. మొక్కలు చిన్నవిగా ఉన్నంతకాలం చాళ్ళమధ్య గరికను దున్ని దున్ని రైతు విసిగిపోతాడు. చెట్లు ముదిరి కొమ్మలు కలిసిన తరువాత అదే గరిక తనంతట తానే పలుచబడిపోతుంది. గోల్ఫ్ మైదానంలో కావలసినది దీనికి సరిగా వ్యతిరేకం. అందుచేత ఉదయపు ఎండ తగులునట్లు గ్రీన్‌కు తూర్పుదిక్కున చెట్లు లేకుండా చూచుకొనుట, పెద్ద చెట్లను బాటకు దూరంగా నిలుపుట, క్రింది కొమ్మలను నరికి కాండాన్ని ఎత్తుగా పెంచుట వంటి ఉపాయాలు అవలంబిస్తారు. ఇంగ్లండులో కూడా గత 100 ఏళ్ళలో చెట్లు మితిమీరి పెరిగి పచ్చిక పాడైనందున, అనేక మైదానాలలో చెట్లను తగ్గించి కోల్ట్ నాటి విశాలతను పునరుద్ధరిస్తున్నారు. చెట్టు నరకడమంటే సహజంగానే చుట్టుప్రక్కలవారు ఒప్పుకొనరు. ఆ విషయంలో హైదరాబాదుకు, లండనుకు భేదం లేదు.

ఏనుగుల చెట్టు

నయా ఖిలాలో ఎవరును ముట్టజాలని చెట్టు ఒకటి కలదు. అది ఆఫ్రికా ఖండపు బావోబాబ్ (అడన్సోనియా డిజిటేటా). స్థానికులు దీనిని 'హాథియాన్ కా ఝాడ్', అనగా ఏనుగుల చెట్టు అంటారు. ఉర్దూలో ఈ జాతికి గోరఖ్ ఇమ్లీ అను పేరు ఉన్నది. బూడిదరంగు, ముడుతలు పడిన బెరడు ఏనుగు చర్మాన్ని తలపించుట వలన ఈ పేరు వచ్చినదని అనుకొనవచ్చును. కాండం చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. వయస్సు 400 సంవత్సరాల పైననేనని సాధారణంగా చెప్పబడుతున్నది. అరబ్బు వర్తకులో, ఫకీరులో ఆఫ్రికా నుండి తెచ్చి సుల్తానుకు కానుకగా ఇచ్చినారని జనశ్రుతి. కాండం లోపల బోలుగా ఉన్న గదిలో పూర్వం 40 మంది దొంగలు దాగియుండేవారన్న కథ కూడ ఉన్నది. కథలోని సంఖ్య ఆలీబాబా నుండి అరువు తెచ్చుకొన్నట్లు తోస్తుంది.

బావోబాబ్ తన మెత్తని కాండంలో నీటిని నిలువచేసుకొని ఎండాకాలంలో ఆకు రాల్చి జీవిస్తుంది. అది పొడి నేలల చెట్టు. ఇట్టి చెట్టు సమీపాన నిత్యం నీరు పెట్టే పచ్చిక ఉండుట వేరుకు మంచిదా చెడ్డదా అన్నది వృక్షశాస్త్రజ్ఞులు శ్రద్ధతో గమనించవలసిన విషయం. వేరు ప్రాంతంలో నీరు నిలిచిన పక్షంలో ఈ జాతి చెట్లు కుళ్ళుట కద్దు. పేర్లు చెక్కే సందర్శకుల వలన కలిగే హాని మాత్రం ఎవరును పరిశోధింపనక్కరలేకుండానే బెరడు మీద కనిపిస్తుంది.

మట్టిక్రింద తోట

భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నయా ఖిలాలో జరిపిన త్రవ్వకాలలో కుతుబ్ షాహీ కాలపు తోట అవశేషాలు వెలుగు చూసినవి. 2014లో ఈ వార్త పత్రికలలో ప్రముఖంగా వచ్చినది. నీటి కాలువలు, తొట్లు, నడకదారులు, కాల్చిన మట్టి గొట్టాలు వాటిలో ముఖ్యమైనవి. దక్కనులో కుతుబ్ షాహీల తోటల గురించి యాత్రికుల వర్ణనలు, చిత్రాలు తప్ప నేలమీద మిగిలిన ఆధారాలు స్వల్పం. కనుక ఈ త్రవ్వకం విలువ ఎక్కువ. మట్టి గొట్టాల ద్వారా నీటిని ఎత్తునుండి పల్లానికి వాలుబలంతోనే నడిపి ఫవారాలు చిమ్మించిన విధానం గోల్కొండ నీటి వ్యవస్థకు తగినదే. విచిత్రమేమనగా, ఒకే నేలలో ఒకచోట సుల్తానుల నాటి మట్టి గొట్టాలు, మరొకచోట గోల్ఫ్ పచ్చికను తడుపు నేటి గొట్టాలు! రెంటి ప్రయోజనమూ ఒక్కటే: మెట్టనేలలో పచ్చదనాన్ని విలాసార్థం నిలుపుట.

వివాదం యొక్క సారాంశం ఇక్కడనే ఉన్నది. గోల్కొండ కోట కేంద్రప్రభుత్వ రక్షణలోని కట్టడం. 2010లో సవరించిన ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల నిర్మాణం నిషిద్ధం, ఆపైన 200 మీటర్ల వరకు అనుమతితో మాత్రమే. అదే సంవత్సరం గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినారు కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరినవి. కోటలోపలి నేలలో మట్టిని త్రవ్వి, పోసి, చదునుచేయుట, కందకాలు చెరువుల స్వరూపాన్ని మార్చుట, మసీదులకు, చెట్టుకు పోవు ప్రజల దారికి అడ్డు వచ్చుట, ఇవి వారసత్వ పరిరక్షకులు, స్థానికులు చేసిన ఆక్షేపణలు. పురావస్తు శాఖ కూడ అభ్యంతరాలు తెలిపినది. విషయం పత్రికలలోను, న్యాయస్థానంలోను నడిచినది.

మైదానాన్ని సమర్థించువారి వాదమును తేలికగా కొట్టివేయరాదు. నగరంలో ఖాళీగా కనిపించిన నేల ఎంతకాలం ఖాళీగా ఉన్నదో హైదరాబాదు చెరువుల గతి చూచినవారికి తెలుసును. గోల్కొండ కోట లోపలనే వేలాది ఇండ్లు వెలసినవి. గోల్ఫ్ మైదానం లేనిచో నయా ఖిలా కూడ కాలనీలతో నిండి, తోట అవశేషాల పైన అంతస్తులు లేచి ఉండేవని వారి అభిప్రాయం. పచ్చిక కనీసం నేలను తెరచి ఉంచినదనుట వాస్తవమే. అయితే త్రవ్వని నేలను తరువాతి తరమైనా త్రవ్వి చరిత్ర తెలుసుకొనవచ్చును. యంత్రాలతో ఒకసారి కదిపిన పొరలను తిరిగి పేర్చలేము. పురావస్తుశాస్త్రంలో ఏ వస్తువు ఏ పొరలో దొరికినదన్నదే ప్రధాన సాక్ష్యం. బంకరుకు, గ్రీన్‌కు కావలసిన లోతు సరిగా ఆ పొరల లోతే. ఈ వ్యాసకర్త దృష్టిలో ఈ వాదమే బలమైనది.

ఢిల్లీలోని గోల్ఫ్ క్లబ్ కూడ ఇటువంటిదే. అక్కడి చెట్ల మధ్య మధ్యయుగపు, మొగలుల కాలపు సమాధులు పెక్కు కలవు. లాల్ బంగ్లా సమాధులు దానికి ఆనుకొనియే ఉన్నవి. అక్కడ కట్టడాలు భూమిపై నిలిచి కనిపిస్తూ ఉండుట వలన బాటలు వాటిని తప్పించుకొని పోయినవి. నయా ఖిలాలో చరిత్ర అధికభాగం భూమిలోపల ఉండుటయే చిక్కు.

ఇతర ప్రాంతాలలో

భారతదేశంలో గోల్ఫ్ చరిత్ర దీర్ఘమైనది. 1829లో స్థాపించిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటిషు ద్వీపాల వెలుపల అతి పురాతనమైనది. చిత్తూరు ప్రాంతంవారికి దగ్గరగా ఉన్న పాత మైదానాలు బెంగళూరు (1876లో స్థాపితం), మద్రాసు నగరాలలోనివి. మద్రాసులో జింఖానా క్లబ్ మైదానం గిండీ గుర్రపు పందేల మైదానం నడుమ ఉండేది. 1946లో 99 ఏళ్ళకు కౌలుకిచ్చిన సుమారు 160 ఎకరాల ఆ నేలను తమిళనాడు ప్రభుత్వం 2024 సెప్టెంబరులో కౌలు రద్దుచేసి స్వాధీనపరచుకొన్నది. నగరం మధ్య అంత నేలను కొద్దిమంది ఆటకు ఉంచవలెనా, ఉద్యానవనానికి, వరదనీటి చెరువులకు మార్చవలెనా అన్న ప్రశ్న అక్కడ ఆ విధంగా తేలినది.

విశాఖపట్నంలో ముడసర్లోవ వద్ద ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉన్నది. హైదరాబాదు గచ్చిబౌలి సమీపాన బౌల్డర్ హిల్స్ అనే 18 గుంతల మైదానం 2000ల దశకంలో ఏర్పడినది. దాని భూ కేటాయింపు వ్యవహారంపై 2011లో కేంద్ర దర్యాప్తు సంస్థ కేసు నమోదు చేసినది. అక్కడ దక్కను బండరాళ్ళనే అలంకారంగా నిలుపుకొన్నారు. కావున దానిని పార్క్‌లాండ్ అనుట కంటె రాతిసీమ మైదానమనుట సబబు.

ఆటగాళ్ళు

ఈ ఆట సంపన్నులదే అయినను, మన దేశంలో గొప్ప ఆటగాళ్ళు కొందరు మైదానపు పనివారి ఇండ్లనుండి వచ్చినవారే. ఇతరుల కర్రల సంచి మోయు క్యాడీగా జీవితం ప్రారంభించిన ఢిల్లీవాసి అలీ షేర్ 1991లో, మరల 1993లో ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. కలకత్తాలో మైదానపు గడ్డి సంరక్షకుని కుమారుడైన ఎస్.ఎస్.పి. చౌరాసియా స్థాయి అందరికీ తెలిసినదే. తెలుగు మూలాలు గలవారిలో ప్రసిద్ధుడు సాహిత్ తీగల. హైదరాబాదు నుండి అమెరికాకు వలసవెళ్ళిన తల్లిదండ్రులకు 1997లో కాలిఫోర్నియాలో జన్మించిన ఇతడు, 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి అమెరికా పి.జి.ఏ. టూర్‌లో తొలి విజయం సాధించాడు. 2024లో ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టు సభ్యుడు.

సందర్శకులకు

నయా ఖిలాలోని ఏనుగుల చెట్టు, మసీదులు, బురుజులు చూడగోరువారు గోల్కొండ కోట ప్రధాన ద్వారం నుండి కాక, నయా ఖిలా దర్వాజా వైపు నుండి వెళ్ళవలెను. ఉదయపు వేళ మేలు. ఆట జరుగుచుండగా పచ్చిక బాటలను అడ్డంగా దాటరాదు. గ్రీన్ మీద అడుగు పెట్టరాదు. దూరం నుండి 'ఫోర్' అన్న కేక వినిపించినచో బంతి తమవైపు వచ్చుచున్నదని గ్రహించి, తలయెత్తి చూడక, రెండు చేతులతో తలను కప్పుకొని చెట్టుచాటుకు జరుగవలెను.